చిప్ యంత్రాల షేర్లు, డీజిల్ ధర: నలుగురి మాట విని మన లెక్క మనం వేసుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల సలహాలు పక్కపక్కనే తిరుగుతుంటాయి. ఒకాయన "క్రూడ్ (ముడి చమురు ధర) పెరుగుతోంది, టెక్ షేర్లన్నీ అమ్మేయండి" అంటాడు. అదే రోజు సాయంత్రం ఇంకొకాయన "చిప్పులు తయారుచేసే యంత్రాల కంపెనీలకు పదేళ్ల దాకా తిరుగులేదు, దొరికినంత కొనండి" అంటాడు. ఇద్దరూ గట్టిగానే చెప్తారు. ఇద్దరి దగ్గరా చార్టులుంటాయి. చదివినవాడికి మిగిలేది టెన్షన్.

వినడం మానేయమని చెప్పను. విన్నదాన్ని ఏ వరుసలో జల్లెడ పట్టాలో చెప్తాను. ఇందుకు ఒక నోటు పుస్తకం, గత ఏడాది డీజిల్ బిల్లులు, ఆదివారం ఒక పూట చాలు. డీమ్యాట్ యాప్ ఇప్పుడే తెరవకండి, దాని అవసరం చివర్లో వస్తుంది.

మొదటి పని: ఇంటి డీజిల్ లెక్క తీయండి

షేరు మాట ఎత్తకముందే ఇది చేయాలి. సరిహద్దు జిల్లాల్లో మనలో చాలామందికి బతుకుతెరువే డీజిల్‌తో ముడిపడి ఉంది. రాయగడ చుట్టూ కాగితం మిల్లు, ఫెర్రో ఎల్లాయ్ ఫ్యాక్టరీ, టికిరి దగ్గర అల్యూమినా ప్లాంటు ఉన్నాయి. వాటికి సరుకు మోసే లారీలు, వాటి మీద బతికే టైర్ల కొట్లు, దాబాలు, మెకానిక్ షెడ్లు ఉన్నాయి. గంజాం వైపు జీడిపప్పు, చేపలు, బియ్యం బండ్లు. వీళ్లంతా ఒక్క షేరు కొనకపోయినా ఇంధనం ధర మీద ఇప్పటికే డబ్బు పెట్టి కూర్చున్నవాళ్లే.

లెక్క ఇలా వేయండి. మీకు రెండు లారీలు ఉన్నాయనుకుందాం. రెండూ కలిసి నెలకు 12,000 కిలోమీటర్లు తిరుగుతాయి, లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తాయి. అంటే నెలకు 3,000 లీటర్లు. లీటరుకు 5 రూపాయలు పెరిగితే నెలకు 15,000, ఏడాదికి 1,80,000 రూపాయలు. ఇప్పుడు అసలు ప్రశ్న: ఇందులో ఎంత కిరాయి మీద వేయగలరు? పెద్ద ఫ్యాక్టరీతో ఏడాది కాంట్రాక్టు ఉంటే డీజిల్ పెరిగినప్పుడు కిరాయి పెంచే షరతు అందులో ఉందో లేదో తీసి చూడండి. ఉంటే నష్టం తక్కువ. లేకపోతే, లేదా బజారు కిరాయికి తిరిగే బండి అయితే, సగం మీ జేబులోంచే పోతుందనుకోండి. అంటే ఏడాదికి 90,000. పుస్తకం మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఈ అంకె రాసుకోండి.

జీతగాళ్లకు ఈ అంకె చిన్నది. స్కూటర్ పెట్రోలు, గ్యాస్ బండ, కూరగాయల మీద పడే కొంత భారం, అంతే. కాబట్టి టీచరుగారికీ లారీ ఓనరుకీ ఒకే సలహా పనికిరాదు. గ్రూపులో మాత్రం ఇద్దరికీ ఒకే మెసేజ్ వస్తుంది.

రెండో పని: "ఇంధనం ధర" అంటే ఏ ధరో అడగండి

"ఫ్యూయల్ పెరుగుతుంది" అన్న మాటలో కనీసం మూడు వేరువేరు ధరలు దాక్కుని ఉంటాయి: ప్రపంచ బజారులో బ్రెంట్ క్రూడ్ ధర, మన బంకు బోర్డు మీద ధర, ఆయిల్ కంపెనీకి లీటరు మీద మిగిలే మార్జిన్. మూడూ ఒకే దిక్కుకు పోతాయనుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు.

బంకు ధరలో ఏముంటుందో సరిహద్దులో ఉన్న మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం దాటి గిరిసోలలో ట్యాంకు నింపుకునే లారీలను రోజూ చూస్తూనే ఉంటాం. పాతపట్నం నుంచి పర్లాకిమిడి వచ్చి బండిలో పెట్రోలు పోయించుకొని వెళ్లేవాళ్లూ తెలిసినవాళ్లే. క్రూడ్ అందరికీ ఒకటే, కేంద్రం ఎక్సైజ్ సుంకం కూడా ఒకటే. తేడా అంతా రాష్ట్రాల వ్యాట్‌లో ఉంది. 2021 నవంబరు తగ్గింపు తర్వాత ఒడిశాలో పెట్రోలు మీద 28 శాతం, డీజిల్ మీద 24 శాతం. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం, దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. వీటికి రవాణా ఖర్చు తోడవుతుంది. డిపోకు దూరంగా ఉన్న మల్కన్‌గిరిలో లీటరు ధర బరంపురం కంటే ఎక్కువ ఉండడానికి కారణం అదే. 2021లో ఒడిశాలో పెట్రోలు ముందుగా వంద దాటింది కూడా ఆ జిల్లాలోనే.

కాగితం మీద చూస్తే 2010 జూన్ నుంచి పెట్రోలు ధర, 2014 అక్టోబరు నుంచి డీజిల్ ధర బజారుకే వదిలేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ ఉదయం ఆరింటికి ధర మారే పద్ధతి వచ్చింది. ఆచరణలో ఏం జరిగిందో చూడండి. 2022 మార్చిలో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం వేడిలో బ్రెంట్ ఒక దశలో బ్యారెల్‌కు 139 డాలర్ల దాకా పోయింది. మన ప్రభుత్వ రంగ ఆయిల్ కంపెనీలు 2022 ఏప్రిల్ 6 తర్వాత దాదాపు రెండేళ్లు తమ రేటు ముట్టుకోలేదు. ఆ ఏడాది మేలో బంకు ధర తగ్గింది కదా అంటారేమో. అది కేంద్రం సుంకం తగ్గించడం వల్ల: పెట్రోలు మీద 8 రూపాయలు, డీజిల్ మీద 6. కంపెనీలు తమంతట తాము 2 రూపాయలు తగ్గించింది 2024 మార్చిలో.

ఈ రెండేళ్లలో హిందుస్థాన్ పెట్రోలియం (హెచ్‌పీసీఎల్) లాభనష్టాలు చూస్తే సంగతి అర్థమవుతుంది. 2022-23లో సుమారు 8,974 కోట్ల నష్టం. 2023-24లో సుమారు 14,694 కోట్ల లాభం. సుంకం తగ్గింపు పక్కన పెడితే బంకు రేటు దాదాపు కదల్లేదు, కంపెనీ మాత్రం ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది. క్రూడ్ దిగింది, మార్జిన్ పెరిగింది, అంతే.

దీన్నిబట్టి పుస్తకంలో రాసుకోవలసిన విషయం ఒకటుంది. క్రూడ్ పెరిగినప్పుడు ఆ బరువు ముగ్గురిలో ఎవరో ఒకరు మోయాలి: బంకు దగ్గర మీరు, లేదా ఆయిల్ కంపెనీ, లేదా సుంకం వదులుకునే ప్రభుత్వం. లారీలు నడిపేవాడు "మనకు తెలిసిన వ్యాపారమే కదా" అని ఐఓసీ, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్ షేర్లు కొంటే ఆ ముగ్గురిలో ఇద్దరి స్థానంలో తానే నిలబడ్డట్టు. రేటు పెంచితే లారీ నష్టం, పెంచకపోతే షేరు నష్టం. క్రూడ్ తవ్వి తీసే ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాల సంగతి వేరు. క్రూడ్ పెరిగితే వాటి ఆదాయం పెరుగుతుంది. అక్కడా పూర్తి భరోసా లేదు. 2022 జులైలో ప్రభుత్వం ఆ అదనపు లాభం మీద విండ్‌ఫాల్ పన్ను వేసింది, 2024 డిసెంబరులో గాని ఎత్తేయలేదు.

ఎవరైనా "ఫ్యూయల్ షేర్లు" అనగానే తవ్వేదా, శుద్ధిచేసి అమ్మేదా అని అడగండి. జవాబు రాకపోతే ఆ సలహా అక్కడితో ఆపేయవచ్చు.

మూడో పని: చిప్ యంత్రాల కంపెనీ ఏం అమ్ముతుందో తెలుసుకోండి

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. చిప్ (ఫోన్లు, కంప్యూటర్ల లోపల ఉండే సెమీకండక్టర్) తయారుచేసే కంపెనీ వేరు, ఆ తయారీకి కావలసిన యంత్రాలు అమ్మే కంపెనీ వేరు. తైవాన్ టీఎస్ఎంసీ, కొరియా సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, అమెరికా ఇంటెల్, మైక్రాన్ కొనేవాళ్లు. అమ్మేవాళ్లలో పెద్దవి ఐదు. నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ వెలుతురుతో సిలికాన్ పలక మీద సర్క్యూట్ అచ్చువేసే యంత్రాలు చేస్తుంది. అందులో ఈయూవీ రకం ప్రపంచంలో మరెవరూ చేయలేరు. ఒక్కో యంత్రం 15 కోట్ల డాలర్ల పైమాటే. అమెరికాలో అప్లైడ్ మెటీరియల్స్ ప్రధానంగా పలక మీద పొరలు పరిచే యంత్రాలు, ల్యామ్ రీసెర్చ్ అక్కర్లేని భాగం చెక్కేసే యంత్రాలు, కేఎల్ఏ లోపాలు పట్టుకునే పరికరాలు చేస్తాయి. జపాన్‌లో టోక్యో ఎలక్ట్రాన్ ఉంది. మన ఎన్ఎస్ఈలోగానీ బీఎస్ఈలోగానీ ఈ స్థాయి కంపెనీ ఒక్కటీ లిస్టు కాలేదు. గ్రూపులో ఎవరైనా "ఇండియన్ సెమీకండక్టర్ ఎక్విప్‌మెంట్ షేరు" అంటే ముందుగా ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

ఈ వ్యాపారం వరికోత యంత్రాలు అమ్మే డీలరు వ్యాపారం లాంటిది. పంట ధర బాగున్న ఏడాది ఊళ్లో అందరూ యంత్రానికి అడ్వాన్సు ఇస్తారు. మరుసటి ఏడాది బియ్యం అమ్మకం మామూలుగానే సాగుతుంది, షోరూమ్‌లో మాత్రం ఈగలు తోలుకుంటారు. ల్యామ్ రీసెర్చ్ అంకెలే చూడండి. 2023 జూన్‌తో ముగిసిన ఏడాది అమ్మకాలు సుమారు 1,740 కోట్ల డాలర్లు. మెమరీ చిప్పుల కంపెనీలు కొనుగోళ్లు తగ్గించడంతో మరుసటి ఏడాది 1,490 కోట్లకు దిగాయి. ఆ తర్వాతి ఏడాది 1,840 కోట్లు. మంచి కంపెనీకే ఇంత ఊగిసలాట.

మదుపరుల అభిప్రాయాలు చీలిపోయేది ఇక్కడే. 2024 అక్టోబరు 15న ఏఎస్ఎంఎల్ ఫలితాలు పొరపాటున ఒక రోజు ముందే బయటికి వచ్చాయి. ఆ మూడు నెలల కొత్త ఆర్డర్లు 260 కోట్ల యూరోలు, విశ్లేషకులు అనుకున్నదాంట్లో సగం కూడా లేవు. షేరు ఒక్కరోజులో సుమారు 16 శాతం పడింది. "కథ అయిపోయింది" అన్నవాళ్లు ఆ రోజు చాలామందే. ఆ ఏడాది మొత్తం అమ్మకాలు సుమారు 2,830 కోట్ల యూరోలు, అంతకుముందు ఏడాది కంటే ఎక్కువే. 2025లో సుమారు 3,270 కోట్లు. ఆర్డర్లు చూసి భయపడినవాళ్లూ అబద్ధం చెప్పలేదు, అమ్మకాలు చూసి ధైర్యంగా ఉన్నవాళ్లూ అబద్ధం చెప్పలేదు. వాళ్లు చూస్తున్న కాలాలు వేరు.

అందుకని చిప్ యంత్రాల మీద ఏ అభిప్రాయం విన్నా దాని పక్కన కాలం రాయండి. బ్రోకరేజీల టార్గెట్ ధర మామూలుగా 12 నెలలకు. యూట్యూబ్‌లో మాట్లాడేవాడిది చాలాసార్లు వచ్చే వారానికి. "పదేళ్ల కథ" అన్నవాడు మధ్యలో 40 శాతం పడితే తట్టుకుంటాడా, మీరు తట్టుకుంటారా?

చూడవలసిన అంకెలు ఎక్కువ లేవు. కొనేవాళ్లు కొత్త ఫ్యాక్టరీలు, యంత్రాల మీద ఎంత పెడతామంటున్నారన్నది అన్నిటికంటే ముఖ్యం. టీఎస్ఎంసీ ఒక్కటే 2024లో సుమారు 2,980 కోట్ల డాలర్లు పెట్టింది, 2025లో సుమారు 4,090 కోట్లు. ఇది పెరుగుతుంటే యంత్రాలవాళ్లకు పని ఉంటుంది. రెండోది, చైనాకు అమ్మకాల వాటా. 2022 అక్టోబరు నుంచి అమెరికా ఆంక్షలు మొదలయ్యాయి, తర్వాత డచ్ (నెదర్లాండ్స్) ప్రభుత్వమూ కలిసింది. కొత్త ఆంక్ష వచ్చిన ప్రతిసారీ ఈ షేర్లు కుదుపుకు గురవుతాయి. మూడోది మెమరీ చిప్పుల ధరలు. ఈ మూడింటిలో ఒక్కదాన్నీ ముట్టుకోకుండా "ఏఐ యుగం" అని మాత్రమే చెప్పే వీడియోను నేనైతే మధ్యలోనే కట్టేస్తాను.

నాలుగో పని: రెండిటికీ మధ్య దారాన్ని పరీక్షించండి

"క్రూడ్ పెరిగితే చిప్ షేర్లు పడతాయి" అన్నది సూత్రంలా తిరుగుతోంది. ఇందులో నిజం ఎంతో చూద్దాం.

యంత్రాల కంపెనీలకు ఇంధనం నేరుగా పెద్ద ఖర్చు కాదు. వాటి ఖర్చంతా ఇంజినీర్లు, విడిభాగాలు, పరిశోధన. ప్రభావం చుట్టుదారిన వస్తుంది. క్రూడ్ పెరిగితే ధరలు పెరుగుతాయి, కేంద్ర బ్యాంకులు వడ్డీ పెంచుతాయి, చాలా ఏళ్ల తర్వాత రాబోయే లాభాలకు ఇవాళ ఇచ్చే విలువ తగ్గుతుంది, అలాంటి లాభాల మీదే నిలబడ్డ షేర్లు పడతాయి. 2022లో జరిగింది ఇదే. చిప్ కంపెనీల షేర్లను కొలిచే ఫిలడెల్ఫియా సెమీకండక్టర్ సూచీ ఆ ఏడాది మూడో వంతుకు పైగా పోగొట్టుకుంది. అయితే 2023లోనూ జులై దాకా అమెరికా వడ్డీలు పెరుగుతూనే వచ్చాయి, క్రూడ్ కూడా చౌకగా ఏమీ లేదు. ఆ ఏడాది అదే సూచీ 60 శాతానికి పైగా లేచింది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది, కంపెనీలు చిప్పుల కోసం ఎగబడ్డాయి, పాత సూత్రాన్ని ఆ గిరాకీ మింగేసింది. దారం ఉంది, అది ఎప్పుడూ ఒకే బిగువులో ఉండదు.

ఇంకో దారి భౌగోళికం. మామూలు రోజుల్లో ప్రపంచం వాడే చమురులో సుమారు ఐదో వంతు గల్ఫ్‌లోని హార్ముజ్ జలసంధి గుండా పోతుంది, ఖతార్ ఎల్ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) కూడా అటే. తైవాన్ తనకు కావలసిన ఇంధనంలో 95 శాతానికి పైగా దిగుమతి చేసుకుంటుంది, కరెంటులో పెద్ద భాగం గ్యాస్ నుంచే. చిప్ ఫ్యాక్టరీకి కరెంటు ఒక్క క్షణం పోయినా పలకలు పాడవుతాయి. పైగా చిప్ తయారీలో వాడే హీలియం సహజవాయువుతో పాటు వచ్చేదే. ప్రపంచ హీలియంలో దాదాపు మూడో వంతు ఖతార్‌ది. కాబట్టి గల్ఫ్‌లో గొడవ అనగానే మదుపరులు చిప్ షేర్ల వైపు కూడా భయంగా చూడడంలో అర్థం ఉంది.

భయం ఎంత నిజమవుతుందన్నది మళ్లీ వేరే సంగతి. 2022లో చిప్పులకు వాడే నియాన్ వాయువులో దాదాపు సగం తయారుచేసే రెండు ఉక్రెయిన్ కంపెనీలు యుద్ధంతో ఆగిపోయాయి. ప్రపంచం స్తంభించిపోతుందని వార్తలొచ్చాయి. చిప్ కంపెనీలు నిల్వలు వాడుకున్నాయి, వేరే చోట్ల నుంచి తెచ్చుకున్నాయి, ఫ్యాక్టరీలు నడిచాయి. "ఫలానా సరుకు ఆగిపోయింది" అని విన్నప్పుడు నిల్వ ఎన్ని నెలలకు ఉందో, ఇంకెవరు ఇవ్వగలరో ఆరా తీయాలి.

మూడో దారి రూపాయి. దీన్ని గ్రూపుల్లో ఎవరూ ఎత్తరు, మనకు మాత్రం ఇదే ముఖ్యం. మన దేశం క్రూడ్‌లో 85 శాతానికి పైగా బయటి నుంచి కొంటుంది. క్రూడ్ పెరిగితే డాలర్ల అవసరం పెరిగి రూపాయి మీద ఒత్తిడి పడుతుంది. 2022 మొదట్లో డాలరు సుమారు 74 రూపాయలు, ఏడాది చివరికి 82 దాటింది. 1,000 డాలర్ల విలువైన అమెరికా షేరు 10 శాతం పడి 900 డాలర్లయిందనుకోండి. కొన్నప్పుడు 74 చొప్పున 74,000 రూపాయలు. ఇప్పుడు 82.50 చొప్పున 74,250. డాలర్లలో నష్టం, రూపాయల్లో అక్కడికక్కడే. లారీ ఓనరుకు ఇది పనికొచ్చే విషయం. డీజిల్ మండే ఏడాది డాలర్లలో ఉన్న పెట్టుబడి కొంత ఊతమిస్తుంది. ఆయిల్ శుద్ధిచేసి అమ్మే కంపెనీ షేరు ఆ పని చేయదు.

ఐదో పని: మాట చెప్పినవాణ్ణి జల్లెడ పట్టండి

పుస్తకంలో ఒక పేజీని ఐదు గళ్లుగా గీయండి. తేదీ. ఎవరు చెప్పారు. దేని గురించి (క్రూడా, బంకు రేటా, కంపెనీ లాభమా, షేరు ధరా). ఎంతకాలానికి. చివరి గడి: ఏం జరిగితే ఈ మాట తప్పని తేలుతుంది? చాలా సలహాలకు ఈ చివరి గడి ఖాళీగానే ఉండిపోతుంది. "క్రూడ్ పెరిగితే పెరగచ్చు, తగ్గితే తగ్గచ్చు" రకం మాటలకు అక్కడ రాయడానికి ఏమీ దొరకదు. వాటిని కొట్టేయండి.

డబ్బు తీసుకొని సలహా ఇచ్చేవాళ్లకు సెబీ (షేర్ బజారు నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య ఉండాలి. రీసెర్చ్ అనలిస్టుది ఐఎన్‌హెచ్‌తో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌ది ఐఎన్‌ఏతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైటులో ఆ సంఖ్య కొట్టి పేరు సరిపోయిందో లేదో చూడండి. సంఖ్య ఉన్నంత మాత్రాన సలహా మంచిదని కాదు, లేనివాడికి డబ్బు కట్టకూడదని మాత్రం ఖాయం. క్రూడ్ మీద, నిఫ్టీ మీద ఆప్షన్లు (ధర ఎటు పోతుందోనని పందెంలా ఆడే ఒప్పందాలు) ఆడించే గ్రూపుల జోలికి అసలే పోవద్దు. 2024 సెప్టెంబరులో సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, సగటున ఒక్కొక్కరూ దాదాపు 2 లక్షలు.

ఒడిశాలో ఉన్న మనకు ప్రత్యేకంగా వచ్చే వల ఒకటుంది.

"మావయ్యా, భువనేశ్వర్లో చిప్ ఫ్యాక్టరీ వస్తోందంట. దాని షేరు ఇప్పుడే కొనమంటున్నారు."

"కంపెనీ పేరేంట్రా?"

"గ్రూపులో చేరి రెండువేలు కడితే చెప్తారంట."

ఫ్యాక్టరీ వార్త నిజమే. 2025 ఆగస్టు 12న కేంద్ర మంత్రివర్గం ఒడిశాకు రెండు ప్రాజెక్టులు ఆమోదించింది, రెండూ భువనేశ్వర్ ఇన్ఫో వ్యాలీలో. ఒకటి సిక్‌సెమ్, సిలికాన్ కార్బైడ్ చిప్పుల ఫ్యాక్టరీ. రెండోది అమెరికా కంపెనీ త్రీడీ గ్లాస్ సొల్యూషన్స్‌ది. ఈ రెండింటి షేర్లూ మన ఎక్స్ఛేంజీల్లో లేవు. సిక్‌సెమ్ వెనక ఉన్న ఆర్కియన్ కెమికల్ లిస్టయిన కంపెనీయే. కానీ దాని ప్రధాన వ్యాపారం బ్రోమిన్, పారిశ్రామిక ఉప్పు. ఆ షేరు కొంటే ముందుగా కొంటున్నది ఉప్పు వ్యాపారాన్ని. పైగా ఇవి చిప్ ఫ్యాక్టరీలు, అంటే యంత్రాలు కొనేవాళ్లు. "చిప్ యంత్రాల షేరు" కింద వీటిని అమ్మజూపేవాడికి తేడా తెలియదనుకోవాలి, లేదా తెలిసే చెప్తున్నాడనుకోవాలి.

ఆరో పని: కొనాలనుకుంటే దారి ఎంచుకోండి

ఇంతదాకా వచ్చాక కూడా ఆసక్తి ఉంటే రెండు దారులున్నాయి.

సులువైనది నాస్‌డాక్-100 (అమెరికా నాస్‌డాక్ బజారులోని వంద పెద్ద కంపెనీల) సూచీని అనుసరించే మన దేశపు ఫండు. మోతీలాల్ ఓస్వాల్ ఈటీఎఫ్ (షేరులా బజారులో కొని అమ్మే ఫండు) 2011 నుంచి ఉంది. ఆ సూచీలో ఏఎస్ఎంఎల్, అప్లైడ్, ల్యామ్, కేఎల్ఏ నాలుగూ ఉన్నాయి, వాటి వాటా మాత్రం చిన్నది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి విదేశాల్లో పెట్టగల మొత్తానికి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉంది. అది నిండినప్పుడు కొత్త యూనిట్లు పుట్టవు, కొనేవాళ్లు ఎక్కువై ఈటీఎఫ్ ధర అసలు విలువ కంటే పైకి పోతుంది. కొనే రోజు బజారు ధర పక్కన ఎన్ఏవీ (యూనిట్ అసలు విలువ) ఎంతుందో చూడండి. నాలుగైదు శాతం ఎక్కువ ఉంటే ఆగండి.

రెండోది ఆర్‌బీఐ ఎల్ఆర్ఎస్ పథకం కింద డాలర్లు పంపి నేరుగా కొనడం. మనిషికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు అనుమతి. అంత పంపే అవసరం మనలో ఎవరికీ రాదులెండి. నేరుగా వెళ్లేవాళ్లు ఒక్క కంపెనీ కంటే వ్యాన్‌ఎక్, ఐషేర్స్ సంస్థల సెమీకండక్టర్ ఈటీఎఫ్‌లు చూడవచ్చు. వాటిలో చిప్పులు చేసేవాళ్లూ యంత్రాలు చేసేవాళ్లూ కలిసి ఉంటారు. బ్యాంకు డాలరు మార్చే రేటులో తీసుకునే తేడా, పంపే రుసుము ముందే అడగండి. చిన్న మొత్తం పంపితే ఆ రుసుమే లాభాన్ని తినేస్తుంది. ఏడాదిలో పంపినది 10 లక్షలు దాటితే, దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది పోయిన డబ్బు కాదు, రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ అన్ని నెలలు చేతిలో ఉండదు. డీజిల్ ఖాతా ప్రతి వారం కట్టవలసినవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఎంత పెట్టాలి? మొదటి పేజీలో రాసిన అంకె ఇప్పుడు తీయండి. మన ఉదాహరణలో 90,000. ఆ మొత్తానికి కనీసం రెండింతలు బ్యాంకులో చేతికందేలా ఉన్న తర్వాతే విదేశీ షేర్ల మాట. ఉన్నవాళ్లు కూడా మొత్తం పెట్టుబడిలో పదో వంతు దాటకుండా, ఏడాది పాటు నెలనెలా కొంచెం కొంచెంగా కొనడం మేలని నా అభిప్రాయం. లారీ ఈఎంఐ నడుస్తుంటే అదీ వద్దు. ఆ వడ్డీని మించి ఏ షేరూ ఖాయంగా ఇవ్వదు.

ఏడో పని: మూడు నెలలకోసారి పుస్తకం తెరవండి

రోజూ ధర చూడక్కర్లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మధ్యలో టీఎస్ఎంసీ ఫలితాలు వస్తాయి. ఏఎస్ఎంఎల్‌వి కూడా ఇంచుమించు అదే వారంలో, జనవరిలో మాత్రం నెలాఖరుకు. ల్యామ్‌వి ఆ నాలుగు నెలల రెండో సగంలో. అప్లైడ్ మెటీరియల్స్‌ది ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు. టీఎస్ఎంసీ ఈ ఏడాది ఎంత ఖర్చుపెడతామంటోందో ఆ ఒక్క అంకె రాసుకొని పాతదానితో పోల్చండి. ఇంధనం వైపు, పెట్రోలియం శాఖ కింద ఉన్న పీపీఏసీ వెబ్‌సైటులో మన దేశం కొనే క్రూడ్ సగటు ధర దొరుకుతుంది. దాని పక్కన ఆ నెల మీ బంకు బిల్లులోని డీజిల్ రేటు రాయండి. ఏడాది తిరిగేసరికి ఎవరి వార్తా అక్కర్లేకుండా, క్రూడ్ కదలిక మీ ఊరి బంకుకు ఎంత వస్తోందో, ఎంత ఆలస్యంగా వస్తోందో మీ చేతిరాతలోనే ఉంటుంది. ఐదు గళ్ల పేజీ కూడా అప్పుడే తిరగేసి, ఎవరి మాట ఎన్నిసార్లు నిలబడిందో టిక్కులు పెట్టండి.

నేరుగా విదేశీ షేర్లు కొన్నవాళ్లకు కాగితాల పని కొంచెం ఎక్కువ. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను, లోపు అమ్మితే మీ స్లాబు ప్రకారం. అమెరికా కంపెనీల డివిడెండులో 25 శాతం అక్కడే పట్టుకుంటారు. ఇక్కడ రిటర్నులో దానికి క్రెడిట్ అడగాలి. అమెరికా ఆస్తులు 60,000 డాలర్లు దాటి ఉండగా మనిషి పోతే అక్కడి ఎస్టేట్ పన్ను పడుతుంది, ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఒక్క షేరు ఉన్నా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. దానికి చూసేది ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాదు, జనవరి నుంచి డిసెంబరు దాకా. అందుకని డిసెంబరు 31 నాటి స్టేట్‌మెంటును జనవరిలోనే దించుకొని, మీ ఆడిటరుకు లారీ లెక్కలతో పాటు అదే ఫైలులో పెట్టి ఇవ్వండి.